ఏడు చేపల కథ - వేయి పనుల చిట్టా

ఏడు చేపల కథ తెలియని ఇల్లు తెలుగునాట ఉండదు. రాజకుమారులు తెచ్చిన ఏడు చేపలలో ఒకటి ఎండలేదు. కారణమడిగితే చేప గడ్డిమేటును చూపినది. గడ్డిమేటు ఆవుమీదికి, ఆవు పాలేరుమీదికి, పాలేరు అవ్వమీదికి, అవ్వ ఏడ్చిన పసివానిమీదికి, పసివాడు కుట్టిన చీమమీదికి నెపము త్రోసిరి. పిల్లలకు చెప్పుకొనే ఈ కథను, వేలకొలది పనులను ఒక్కసారిగా నడిపించవలసిన పెద్దలు మరియొకసారి వినుట మంచిది. ఎండని చేపను దండించి లాభము లేదు, చీమవరకు పోవలెను.

ఈ మాట నాకు తోచినది శ్రీకాకుళం జిల్లా ఉద్దానమును తలచుకొన్నప్పుడు. ఉద్యానమన్న మాటయే ఉద్దానమైనదని అక్కడివారు చెప్పుదురు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో సముద్రపుటొడ్డున కొబ్బరి, జీడిమామిడి, పనస కలసి పెరిగే నేల అది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలి ఆ తోటలను నేలకూల్చినది.

ఆ ఉదయమున టెక్కలినుండి ఇచ్ఛాపురమువరకు ఎన్ని పనులు ఒక్కమారుగా పుట్టినవో ఊహించి చూడుడు. ఒక ఊరిని తీసికొందము. త్రాగునీరు లేదు, ఎత్తైన ట్యాంకులోనికి నీరెక్కించే మోటారు తిరుగదు. మోటారుకు కరెంటు లేదు, స్తంభములు విరిగినవి. క్రొత్త స్తంభముల లారీ ఊరిలోనికి రాదు. త్రోవకు అడ్డముగా కొబ్బరిచెట్లు పడియున్నవి. చెట్లు కోయు రంపపుమిషను ప్రక్క ఊరిలో ఉన్నది. నీటి శాఖవారి పుస్తకములో "కరెంటు లేదు" అని ఉండును. విద్యుత్తు శాఖవారి పుస్తకములో "దారి లేదు" అని ఉండును. రెండును నిజములే. ఊరికి మాత్రము దాహము తీరలేదు. ఇక్కడ చీమ ఎవరు? ప్రక్క ఊరిలోని రంపము.

ఇట్టి పనులను కంప్యూటరులో వ్రాసిపెట్టు సాధనమును ఇష్యూ ట్రాకర్ అందురు. మనము పనుల చిట్టా అందము. సాఫ్ట్‌వేర్ వ్రాయువారు తమ తప్పులను మరచిపోకుండుటకు మొదట దీనిని కల్పించుకొన్నారు. 1998లో బగ్జిల్లా అను చిట్టా వెలువడినది. 2002లో ఆస్ట్రేలియాలోని అట్లాసియన్ సంస్థ జిరా అను మరియొకదానిని తెచ్చినది. గాడ్జిల్లా అను సినిమా రాక్షసికి జపానులో గోజిరా అని పేరు. బగ్జిల్లాకు జవాబుగా ఆ యువకులు గోజిరా తల తీసివేసి పేరు పెట్టినారు. గంభీరమైన కచేరీ పనులకు రాక్షసి పేరుగల పుస్తకము!

చిట్టాలో ప్రతి పనికి ఒక టిక్కెట్టు ఉండును. సంఖ్య, పని ఏమిటి, ఎవరు చేయవలెను, ఎంత తొందర, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది - ఇంతవరకు తహసీలు కచేరీలోని అర్జీల రిజిస్టరుకును దీనికిని పెద్ద భేదము లేదు. అసలు భేదము మరియొక గడిలో ఉన్నది: ఈ పని ఏ పనికొరకు ఆగియున్నది? ఆ గడిని సరిగా నింపినచో మోటారు టిక్కెట్టు కరెంటు టిక్కెట్టును, అది దారి టిక్కెట్టును, అది రంపమును చూపును. నింపకపోయినచో ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనను రిజిస్టరే.

పనులు వేలకు పెరిగినపుడు చిట్టాకు అంతస్తులు కావలెను. అడుగున చిన్న టిక్కెట్లు. వాటిని కలుపు పెద్ద శీర్షికను ఎపిక్ అందురు. అట్టి శీర్షికలన్నిటిని కలిపి చూచుట పోర్ట్‌ఫోలియో. "ఈ ఊరికి త్రాగునీరు" అనునది శీర్షిక. మోటారు, తీగ, స్తంభము, దారి అడుగువి. కలెక్టరు పైనుండి చూచును, లైన్‌మన్ క్రిందినుండి చూచును. ఇద్దరు చూచునది ఒకే చిట్టా కావలెను. పైవారికి ఒక పట్టిక, క్రిందివారికి మరియొకటి సిద్ధము చేయుట మొదలైన నాడే రెండింటికిని పొత్తు కుదరదు.

ఇక ఎజైల్ అను మాట. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున స్నోబర్డ్ అను కొండ విడిదిలో 17 మంది నిపుణులు కూడి ఒక ప్రకటన వ్రాసిరి. ప్రణాళికను పట్టుకొని వ్రేలాడుటకన్న పరిస్థితి మారినప్పుడు తాము మారుట మేలన్నది అందలి ఒక భావము. సాధారణముగా వారు రెండేసి వారములకు పని ఏర్పరచుకొని, చూచుకొని, మరల ఏర్పరచుకొందురు. తిత్లీ తరువాత ముఖ్యమంత్రి, అధికారులు పలాసలో మకాముచేసి పనులు చూచిన దినములలో రెండు వారముల గడువు ఎక్కడిది? ఉదయపు ప్రణాళిక సాయంకాలమునకు పాతబడును.

అట్టి వేళ పైవారు చేయు పొరపాటు అన్ని పనులను ఒకేసారి మొదలు పెట్టించుట. 1961లో జాన్ లిటిల్ అను పండితుడు నిరూపించిన లెక్క ఒకటి ఉన్నది. ఒక లైను ముఠా చేతిలో 40 పనులున్నవనుకొనుడు. దినమునకు 4 పూర్తిచేయుదురు. ఒక పనికి సగటున 10 దినములు పట్టును. ఎఱ్ఱసిరాతో అత్యవసరమని వ్రాసినంతమాత్రమున ముఠాకు చేతులు పెరుగవు. ముందున్న మరియొకరి పని వెనుకకు జరుగును, అంతే. టయోటా కార్ఖానాలో తాయిచి ఓనో నెలకొల్పిన కాన్బాన్ పద్ధతిలో చీటీ రానిదే క్రొత్త సరకు తయారు చేయరాదు. చిట్టాలోను చేతిలోని పనులకు ఇట్టి హద్దు పెట్టవలెను. సబ్‌స్టేషను, ఆసుపత్రి, నీటి మోటారు తీగలు ముందు, వీధి తీగలు తరువాత అని చెప్పుట వీధివారికి కష్టముగా తోచును. అయినను అందరికి ముందుగా దీపము వెలుగు త్రోవ అదియే.

నాకు అన్నిటికన్న అపాయకరముగా తోచునది "ముగిసినది" అను గడి. నేనొకప్పుడు పనిచేసిన చోట ఉత్తరములకు రిజిస్టరుండెడిది. "జవాబు పంపబడినది" అని గుర్తుపెట్టిన ఉత్తరములలో సగము వ్రాసినవారి ప్రశ్నకు జవాబులు కావు. గుర్తుపెట్టినవారిలో నేనును ఒకడను.

మన రాష్ట్రమున 2017లో 1100 సంఖ్యతో పరిష్కార వేదిక, 2019లో స్పందన, 2023లో 1902, 2024లో మరల క్రొత్త పేరున అర్జీల వేదిక వచ్చినవి. పేర్లు మారినను ప్రశ్న ఒక్కటే: ముగిసినదని ఎవరు చెప్పవలెను? పనిచేసిన ఉద్యోగియా, అర్జీ పెట్టిన ఇంటివారా?

ఒక కొబ్బరి రైతు సంగతి చూడుడు. కూలిన చెట్లకు పరిహారము చెల్లించినచో ఆ టిక్కెట్టు ముగియును. అందు తప్పు లేదు. కాని నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. "తోట మరల కాచుట" అను శీర్షిక అంతవరకు తెరచియుండవలెను. అడుగున అన్ని టిక్కెట్లు ముగిసినవి గనుక పైది తనంత తానే ముగియునట్లు సాఫ్ట్‌వేరును అమర్చుట నేను ఒప్పను.

మూత్రపిండముల వ్యాధి సంగతి ఇంకను కఠినము. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు నీరు తెచ్చు 700 కోట్ల రూపాయల పథకము, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. చిట్టా లెక్కకు అవి పూర్తియైన పనులు. కాని వ్యాధికి మూలకారణము ఇదియేనని నిపుణులు నిర్ధారించలేదు. వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్‌కు పోవువాని ఇంటిలో ఆ శీర్షిక ఇంకను తెరచియే ఉన్నది. అక్కడ చీమ జాడ దొరకలేదు.

మీరు అర్జీ పెట్టినప్పుడు ఇచ్చిన సంఖ్యను గోడకాలెండరుపై వ్రాసిపెట్టుకొనుడు. పని ముగిసినదని సందేశము వచ్చినచో కొళాయి త్రిప్పి చూడుడు. నీరు రాకపోయినచో క్రొత్త అర్జీ పెట్టవద్దు. పాత సంఖ్యనే చెప్పి మరల తెరువుమని అడుగుడు. క్రొత్త సంఖ్య వచ్చినచో పాత ఆలస్యము లెక్కలోనుండి మాయమగును.