ఇరవై నాలుగో వంతు కారు



చిన్నప్పుడు మీలో చాలామంది తాటిబుర్రల బండి తోసే ఉంటారు. రెండు ఎండు తాటిబుర్రలు, వాటి మధ్య ఒక పుల్ల, తోయడానికి ఒక పంగల కర్ర, అంతే. హవాయి చెప్పు పాతబడితే దాన్ని గుండ్రంగా కోసి చక్రాలు చేసుకున్నవాళ్లూ ఉంటారు. ఆ బండి ఏ కంపెనీదని, పొడవెంతని ఎవరూ అడగరు. దొర్లితే చాలు, అది బండే.

ఈ పాఠంలో మనం అలాంటి బండి గురించే మాట్లాడుకుందాం. అయితే ఇది కొలత తెలిసిన బండి. దీన్ని స్కేల్ మోడల్ అంటారు. ముక్కలుగా వచ్చే కిట్‌ను అతికించి, రంగులు వేసి, అసలు కారులా తీర్చిదిద్దడం ప్రపంచమంతటా ఉన్న ఒక అభిరుచి. పాఠం కోసం మనం కిరండూల్ వెళ్దాం. కొత్తవలస నుంచి అరకు కొండలు దాటి 440 కిలోమీటర్లకు పైగా సాగే రైలు మార్గం చివర, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో ఉన్న ఇనుప గనుల ఊరు అది. అక్కడ గనుల కొలువుల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నానో పాఠం చివరికి మీకే తెలుస్తుంది.

బొమ్మ వేరు, నమూనా వేరు

కొండపల్లి ఎడ్లబండిని చూడండి. ఎంతో అందంగా ఉంటుంది. కానీ ఎద్దు ఎత్తుకూ, చక్రం ఎత్తుకూ ఉన్న నిష్పత్తి అసలు బండిలో ఉన్నట్లే ఉండాలని కళాకారుడు అనుకోడు. అది బొమ్మ. కంటికి నచ్చడమే దాని ధర్మం. నమూనాకు ఇంకో నియమం ఉంది. ప్రతి కొలతనూ ఒకే సంఖ్యతో భాగించాలి. పొడవును ఒక సంఖ్యతో, చక్రాన్ని మరో సంఖ్యతో భాగిస్తే అది మళ్లీ బొమ్మ అయిపోతుంది.

మనకు బాగా తెలిసిన మారుతి 800నే తీసుకుందాం. పొడవు 3335 మి.మీ., వెడల్పు 1440 మి.మీ., ఎత్తు 1405 మి.మీ. కార్ల కిట్లలో బాగా వాడుకలో ఉన్న స్కేలు 1:24. అంటే అసలు కారులోని ఒక అడుగు నమూనాలో అర అంగుళం అవుతుంది. అడుగులు, అంగుళాలు వాడే దేశాల్లో పుట్టిన లెక్క కాబట్టి ఈ 24 వచ్చింది. భాగించి చూడండి. పొడవు సుమారు 139 మి.మీ., వెడల్పు సరిగ్గా 60 మి.మీ., ఎత్తు 58.5 మి.మీ. అరచేతిలో ఇమిడిపోయే కారన్నమాట.

ఇప్పుడు కిరండూల్ కొండమీదకు చూపు తిప్పండి. ఖనిజం మోసే 100 టన్నుల తరగతి డంపర్ టైరు ఒక్కటే సుమారు 2.7 మీటర్ల ఎత్తుంటుంది. అదే స్కేలులో ఆ టైరు 112 మి.మీ. అవుతుంది. అంటే మన చిన్న మారుతి కారును టైరు పక్కన పెడితే దాని పైకప్పు టైరు సగానికి కాస్త పైదాకా వస్తుంది. గనిలో నిలబడి చూసినా ఇదే కనిపిస్తుంది. రెండు వాహనాలనూ ఒకే సంఖ్యతో భాగించాం కాబట్టే ఈ నిజం అరలో కూడా నిలిచింది. దుకాణాల్లో దొరికే చిన్న లోహపు కార్లు చాలావరకు డబ్బాలో పట్టే సైజుకు చేసినవి. అందుకే వాటిలో లారీ, కారు ఒకే పొడవులో కనిపిస్తుంటాయి.

అన్నీ 24తో భాగించబడవు

అసలు చిక్కు ఇక్కడుంది. పొడవు 24 రెట్లు తగ్గితే వైశాల్యం 24 × 24, అంటే 576 రెట్లు తగ్గుతుంది. ఘనపరిమాణం 24 × 24 × 24, అంటే 13,824 రెట్లు తగ్గుతుంది. సుమారు 650 కిలోల మారుతిని అవే పదార్థాలతో ఈ స్కేలులో చేయగలిగితే దాని బరువు 47 గ్రాములు. వస్తువు బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, బరువు ఘనపరిమాణాన్ని బట్టి మారతాయని గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. అంటే నమూనా తన బరువుతో పోలిస్తే అసలు కారుకంటే 24 రెట్లు బలమైనది. బల్ల మీదనుంచి పడినా చాలాసార్లు బతికిపోతుంది.

ఇది మంచిదే కదా అంటారా? చూసే కంటికి మాత్రం ఇదే లోపం. అసలు కారు బరువుకు టైరు అడుగుభాగం నేలకు ఒత్తుకుని కాస్త పక్కలకు ఉబ్బుతుంది. నమూనా టైరు అలా ఉబ్బదు. దానితో కారు నేలమీద నిలబడినట్లు కాక తేలుతున్నట్లు కనిపిస్తుంది. అందుకే అనుభవం ఉన్నవారు టైరు అడుగును ఉప్పు కాగితంతో కొద్దిగా చదును చేస్తారు. లేని బరువును ఉన్నట్లు చూపడం ఇది. నమూనా తయారీలో నైపుణ్యమంతా, ఏది భాగించబడుతుందో ఏది భాగించబడదో తెలుసుకుని, భాగించబడని దాన్ని ఉపాయంతో సరిచేయడంలోనే ఉంది.

కిట్, జిగురు, ఒక పాఠం

కిట్లలో ఎక్కువగా వాడేది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. దాన్ని కరిగించి, ఒత్తిడితో ఉక్కు అచ్చుల్లోకి పంపుతారు. చల్లారాక ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకుని బయటికి వస్తాయి. బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1949లో ఒక ట్రాక్టరు నమూనాతో ఈ దారి పట్టింది. తర్వాత జపాన్‌కు చెందిన టామియా వంటి సంస్థలు కార్ల కిట్లకు పేరుపొందాయి.

ముక్కలను చట్రం నుంచి విరవకూడదు, కత్తిరించాలి. మిగిలిన మొటిమను నున్నగా రుద్దాలి. అతికించే ద్రవం నిజానికి జిగురు కాదు, ద్రావణి. అది రెండు అంచులనూ కాస్త కరిగిస్తుంది. రెండువైపుల పొడవాటి అణువులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటాయి. ద్రావణి ఆవిరైపోయాక అతుకు ఉండదు, ఒకే ముక్క ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బంధువు ఒకాయన విదేశం నుంచి నాకొక కిట్ తెచ్చిపెట్టాడు. రెండు వారాలు కూర్చుని కట్టాను. చివరగా అద్దాలు మిగిలాయి. తొందరపడి, క్షణంలో అతుక్కునే జిగురుతో అతికించి, దుమ్ము పడకుండా డబ్బాలో పెట్టి మూత బిగించాను. తెల్లారి చూస్తే అద్దాలన్నీ పొగమంచు పట్టినట్లు తెల్లబడ్డాయి. తుడిస్తే పోలేదు. నా వేలిముద్రలు మాత్రం స్పష్టంగా కనిపించాయి. తప్పు కిట్‌ది కాదు, నాది. ఆ జిగురులోని సయనోఅక్రిలేట్ తేమ తగిలి గట్టిపడుతుంది. దాని ఆవిరి గాలిలోని తేమతో, వేలిముద్రల్లోని తడితో కలిసి అద్దం మీదే తెల్లగా పేరుకుంది. మూత బిగించి ఆ ఆవిరికి బయటికి పోయే దారి లేకుండా చేసింది నేనే. ఆ తర్వాత ఎప్పుడు అద్దం అతికించినా ఫెవికాల్ వంటి తెల్ల జిగురే వాడాను. అది నీరు ఆరి గట్టిపడుతుంది, పారదర్శకంగా మారుతుంది.

రంగు మందం

అసలు కారు తలుపు చుట్టూ ఉండే సందు 5 మి.మీ. అనుకుంటే నమూనాలో అది 0.2 మి.మీ. మీరు కుంచెతో చిక్కగా పూసే రంగు మందం 0.1 మి.మీ. అయితే సందుకు అటు ఒక పొర, ఇటు ఒక పొర చేరి తలుపు మూసుకుపోయినట్లే. కాబట్టి రంగు వేయకముందే సందును సూదిమొనతో కాస్త లోతు చేయాలి. రంగును పల్చగా, పొర ఆరాక పొరగా వేయాలి. చివరగా బాగా పల్చని నల్లరంగు చుక్కను సందు దగ్గర ఆనిస్తే చాలు, కేశనాళికీయత వల్ల అదే సందంతా పాకిపోతుంది. మీరు పాఠ్యపుస్తకంలో చదివిన సూత్రం ఇక్కడ మీ కుంచెకంటే చక్కగా పనిచేస్తుంది.

వానాకాలంలో స్ప్రే రంగు వేయకండి. ద్రావణి వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది. గాలిలోని తేమ దానిమీద మంచులా చేరి రంగు తెల్లగా పాలిపోతుంది. బస్తర్ వర్షాల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పొడిగా ఉన్న రోజున, ఆరుబయట, ముక్కుకు తగిన మాస్క్ పెట్టుకుని వేయండి. ద్రావణి ఆవిరి పీల్చడం ఊపిరితిత్తులకు హాని. కత్తి పని చిన్నవాళ్లు పెద్దల ఎదుటే చేయాలి.

కిరండూల్ ఎర్ర దుమ్ము

ఇక కిరండూల్ ఎందుకో చెబుతాను. ఎద్దు మూపురంలా కనిపించే బైలడిల కొండల్లో 65 శాతానికి పైగా ఇనుము ఉన్న హెమటైట్ దొరుకుతుంది. 1968 నుంచి అక్కడ తవ్వకం సాగుతోంది. హెమటైట్ రాయి బూడిదరంగులో ఉన్నా పొడి చేస్తే ఎర్రగా ఉంటుంది. అది ఐరన్ ఆక్సైడ్. మీ ఇంటి కిటికీ ఊచలకు మొదట పూసే రెడ్ ఆక్సైడ్‌కు రంగునిచ్చేదీ ఐరన్ ఆక్సైడే. నమూనాలకు పాతదనం తెచ్చేందుకు అభిరుచిపరులు డబ్బాలుగా కొనే ఎర్ర పొడుల్లోనూ ఉండేది అదే. కిరండూల్ విద్యార్థికి అది తన సైకిల్ మీదే దొరుకుతుంది.

కానీ దుమ్ము కూడా భాగించబడని వస్తువే. 0.05 మి.మీ. రేణువు మన కంటికి సన్నని పొడి. 1:24 నమూనా మీద అది 1.2 మి.మీ. ఇసుక రేణువు. కాబట్టి పొడిని సన్నని మల్లుగుడ్డలో, గాలికి లేవకుండా జల్లించాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. తుమ్మజిగురు కొద్దిగా కలిపిన నీళ్లలో కలిపి, కుంచెతో పల్చగా వేయాలి.

ఎక్కడ వేయాలి? దీనికి పుస్తకం అక్కర్లేదు, కళ్లు కావాలి. రోడ్డుపక్కన నిలిపిన జీపును గమనించండి. చక్రాల వెనక దుమ్ము దట్టంగా ఉంటుంది. కారు వెనకభాగంలో గాలి సుడి తిరుగుతుంది కాబట్టి అక్కడా పేరుకుంటుంది. ముందు అద్దం మీద వైపర్ తిరిగిన మేర విసనకర్ర ఆకారంలో శుభ్రంగా ఉంటుంది. వాన పడితే నిలువు చారలు దిగుతాయి. తలుపు పిడి దగ్గర చేతులు తగిలి దుమ్ము నిలవదు. ఒళ్లంతా ఒకేలా దుమ్ము చల్లిన నమూనా అబద్ధమాడుతుంది. ప్రతి మరకకూ ఒక కారణం ఉన్నప్పుడే అది నిజమనిపిస్తుంది.

కిట్ లేకపోతే?

మంచి కిట్ ఖరీదైనది. చిన్న ఊళ్లలో దొరకదు కూడా. అంతమాత్రాన ఆగిపోకండి. పెళ్లి శుభలేఖ అట్టతో డొప్ప, పాత ఫైలు మీది పారదర్శక ప్లాస్టిక్‌తో అద్దాలు, వంటింటి అల్యూమినియం రేకుతో మెరిసే పట్టీలు, హవాయి చెప్పుతో చక్రాలు చేయవచ్చు. స్కేలు, పెన్సిలు, భాగహారం ఉంటే పని మొదలైనట్లే.

మీ ఇంటి ముందు ఉన్న వాహనాన్ని, యజమాని అనుమతితో, టేపుతో కొలవండి. గని ప్రాంతంలోకి గానీ, రైల్వే యార్డులోకి గానీ కొలతల కోసం వెళ్లవద్దు. పక్కనుంచి, ముందునుంచి, పైనుంచి మూడు బొమ్మలు గీయండి. ప్రతి కొలతనూ 24తో భాగించి అట్టమీద దించండి.

దీనివల్ల ఏమిటి లాభం అని ఇంట్లో అడగవచ్చు. ఒక సంగతి చెప్పండి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 1983 డిసెంబరులో మొదటి తాళంచెవి అందించిన మారుతి 800 తయారీ కూడా అదే ఏడాది ముగిసింది. ఒకప్పుడు ఏ వీధిలో చూసినా ఉన్న బండ్లు ఇనుప సామాను కొట్లకు చేరిపోతున్నాయి. పేరున్న విదేశీ కార్లకు కిట్లు వందల్లో వస్తాయి. మీ నాన్నగారు డ్యూటీకి వెళ్లిన జీపుకు, మీ ఊరి సంతకు జనాన్ని చేరవేసిన బండికి కిట్ ఎవరు చేస్తారు? మీరు కొలిచి కట్టకపోతే ఆ బండి కొలతలు ఎక్కడా మిగలవు. దాని తలుపు మీది సొట్ట, మార్చిన దీపం, ఎర్రటి దుమ్ము చారలు అంతకన్నా మిగలవు.

పూర్తయ్యాక నమూనాను బల్లమీద పెట్టి పైనుంచి చూడకండి. 160 సెం.మీ. ఎత్తున ఉండే మనిషి చూపు ఈ స్కేలులో సుమారు 6.7 సెం.మీ. ఎత్తు. వంగి, కంటిని ఆ ఎత్తుకు దించి చూడండి. కొలతలు సరిగా ఉంటే, మీ వీధిలో ఆగి ఉన్న బండి అదే ఎత్తున మీకు కనిపిస్తుంది.

మీకొక పని. ఈ వారం ఒక వాహనాన్ని ఎంచుకుని పది కొలతలు తీయండి. వాటిని 24తో భాగించి పట్టిక వేయండి. పక్కన మరో గడి గీసి, ఆ బండిలో 24తో భాగించడం కుదరనివి ఏవో రాయండి. రెండో గడి ఎంత నిండితే మీరు అంత బాగా చూశారన్నమాట.