ఆలస్యమైందని ఆగిపోవద్దు

ఈ అక్క పేరు మనకు అక్కరలేదు. ఏ ఊరిదో కూడా అక్కరలేదు. ఇలాంటి అక్కలు చాలా ఊళ్లలో ఉన్నారు. మనం ఆమెను అక్క అనే పిలుద్దాం.

అక్క చిన్నప్పుడు అమ్మానాన్న కూలి కోసం వలస పోయేవాళ్లు. పిల్లకు తిండి దొరుకుతుంది, చదువు వస్తుంది అని ఒక హాస్టల్లో చేర్చారు. అది 2014. అక్కకు అప్పుడు పదకొండేళ్లు.

ఆ హాస్టల్ నడిపే మనిషి రాత్రిపూట ఆడపిల్లలను తన గదికి పిలిచేవాడు. చేయరాని పనులు చేసేవాడు. "ఎవరికైనా చెబితే మీ అమ్మానాన్నలను జైల్లో పెట్టిస్తా" అని బెదిరించేవాడు. అక్క నోరు విప్పలేదు.

ఇప్పుడు అక్కకు పెళ్లయింది. ఒక బిడ్డ తల్లి. ఒకరోజు ఆడబిడ్డ వచ్చి, "మా పిల్లను హాస్టల్లో వేస్తున్నాం వదినా" అంది. అదే హాస్టల్. అదే మనిషి. అక్క చేతిలో చెంబు జారి కింద పడింది.

ఆ రాత్రి అక్కకు నిద్ర పట్టలేదు. తెల్లారి పొదుపు సంఘం లీడరు దగ్గరకు పోయింది. ఏడుస్తూ అంతా చెప్పింది.

"ఇన్నేళ్లయింది గదా పెద్దమ్మా. ఇప్పుడు చెబితే ఎవరు వింటారు?"

"వినాలమ్మా. వినాలని చట్టమే చెబుతోంది. రా, కూర్చో. తెలుసుకుందాం."

చట్టం ఏమంటుంది?

పిల్లలపై లైంగిక నేరాలకు ఒక చట్టం ఉంది. దాన్ని పోక్సో చట్టం అంటారు. అది 2012 నవంబర్ 14న అమలులోకి వచ్చింది. 18 ఏళ్లు నిండని వాళ్లందరూ ఈ చట్టం లెక్కలో పిల్లలే. ఆడపిల్లలకూ, మగపిల్లలకూ ఇది వర్తిస్తుంది.

పిల్లలను కాపాడాల్సినవాడే పాడుచేస్తే శిక్ష ఎక్కువ. హాస్టలు, అనాథాశ్రమం, బడి, ఆసుపత్రి నడిపేవాళ్లు, అక్కడ పనిచేసేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. 2019లో చట్టాన్ని ఇంకా గట్టిచేశారు. అత్యాచారం వంటి ఘోరానికి ఇప్పుడు కనీసం 20 ఏళ్ల జైలు. యావజ్జీవం, ఉరి కూడా పడవచ్చు. అయితే నేరం జరిగిన నాటి చట్టం ప్రకారమే శిక్ష వేస్తారు. 2012 నవంబర్‌కు ముందు జరిగిన వాటికి కూడా కేసు పెట్టవచ్చు. వాటికి అప్పటి శిక్షాస్మృతి వర్తిస్తుంది.

విషయం తెలిసి కూడా చెప్పకపోవడం నేరమే. దానికి 6 నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కింది ఉద్యోగి చేసిన తప్పును సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా.

గొడ్డును బాదినట్టు బాదడం, తిండి పెట్టకుండా మాడ్చడం కూడా నేరాలే. 2016 నుంచి అమలులో ఉన్న బాలల న్యాయ చట్టం ప్రకారం, పిల్లలను చూసుకునే సంస్థల వాళ్లు ఇలా హింసిస్తే 5 ఏళ్ల దాకా కఠిన జైలు పడవచ్చు.

గడువు దాటిపోయిందా?

అందరికీ వచ్చే అనుమానం ఇదే. 3 ఏళ్లకు మించి జైలుశిక్ష పడే నేరాలకు గడువు లేదు. పదేళ్లయినా, ఇరవై ఏళ్లయినా ఫిర్యాదు చేయవచ్చు. చిన్నప్పుడు జరిగినదాన్ని పెద్దయ్యాక చెప్పవచ్చని 2018లో కేంద్ర ప్రభుత్వం కూడా స్పష్టం చేసింది. ఆడవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు పరువుకు జంకి ఆలస్యంగా ఫిర్యాదు చేస్తారని, కోర్టులు దాన్ని అర్థం చేసుకోవాలని సుప్రీంకోర్టు 1996లోనే ఒక తీర్పులో చెప్పింది.

చిన్న నేరాలకు మాత్రం గడువు ఉంటుంది. నష్టపరిహారం కోసం వేసే సివిల్ దావాకూ గడువు ఉంటుంది. అందుకే వకీలును త్వరగా కలవాలి.

ఎవరికి చెప్పాలి?

ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా చెప్పవచ్చు. "ఇది మా పరిధి కాదు" అని పంపేయకూడదు. చెప్పింది రాసుకోవాలి. మనకు చదివి వినిపించాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. మనకు చదువు వచ్చింది గదా! సంతకం పెట్టేముందు మనమే చదవాలి.

స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాసి పోస్టులో పంపాలి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు పోవచ్చు.

ఇప్పుడు అక్కడ పిల్లలు ఆపదలో ఉన్నారని తెలిస్తే వెంటనే 1098కి ఫోన్ చేయాలి. పైసా ఖర్చు లేదు.

వకీలు ఫీజు ఎట్లా?

ఆడవాళ్లకూ పిల్లలకూ ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆదాయంతో పని లేదు. జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థను అడగాలి. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. బాధితులకు ప్రభుత్వ నిధి నుంచి పరిహారం ఇప్పించే పథకం ఉంది. దాని సంగతీ అక్కడే అడగాలి.

పేరు బయటపడుతుందా?

పడకూడదు. బాధితురాలి పేరు, ఫోటో, ఊరు పత్రికల్లో వేయడం నేరం. పోక్సో కేసు విచారణ తలుపులు మూసి జరుగుతుంది. వాంగ్మూలం వీలైనంత వరకు మహిళా పోలీసు అధికారే తీసుకోవాలి. మన ఇంట్లోనే ఇవ్వవచ్చు.

సాక్ష్యం ఏది?

ఏళ్లు గడిచాక ఒంటి మీద గుర్తులు ఉండవు. అయినా దారి మూసుకుపోదు. అక్కడ చదివినట్టు రుజువు చేసే టి.సి., హాస్టల్ రిజిస్టరు, అప్పటి మందుల చీటీ పనికివస్తాయి. ఆ రోజుల్లో తోడున్న స్నేహితులు సాక్షులు అవుతారు. గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి. గుర్తులేనిది కల్పించి చెప్పకూడదు.

గెలుస్తామా?

కేసు తేలిక కాదు. ఏళ్లు పట్టవచ్చు. ముంబైలో వీధి పిల్లల ఆశ్రమం నడిపిన ఇద్దరు బ్రిటన్ దేశస్థులకు 2006లో కింది కోర్టు శిక్ష వేసింది. 2008లో హైకోర్టు వదిలేసింది. పిల్లల తరఫువాళ్లు ఊరుకోలేదు. 2011లో సుప్రీంకోర్టు ఆ పిల్లల మాట నమ్మింది. శిక్షను మళ్లీ ఖాయం చేసింది.

బీహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల వసతి గృహం సంగతి 2018లో బయటపడింది. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులని తేల్చింది. ఆ గృహం నడిపినవాడికి బతికినంతకాలం జైలు పడింది. ఆ ఆడపిల్లలు నోరు విప్పారు కాబట్టే అది జరిగింది.

ఇదంతా విని అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"నేను ఓడిపోతే, పెద్దమ్మా?"

"నీ ఆడబిడ్డ కూతురు ఆ హాస్టల్‌కు పోదు గదమ్మా. అక్కడున్న పిల్లల కోసం 1098కి ఈపూటే చెబుదాం. అది ఓటమి ఎట్లవుతుంది?"

మర్నాడు అక్క స్టేషన్‌కు పోయింది. పక్కన సంఘం ఆడవాళ్లు నలుగురున్నారు. రాసిన కాగితాన్ని అక్క వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. ఒకచోట తేదీ తప్పు పడింది. దిద్దించింది. ఆ తర్వాతే సంతకం చేసింది.

మాట్లాడుకోండి

1. అక్క ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేకపోయింది?
2. మన ఊరి పిల్లలు ఏ హాస్టళ్లలో ఉన్నారు? మనం ఎప్పుడు పోయి చూశాం?
3. 1098, 15100. ఈ రెండు నంబర్లు మీ ఇంటి గోడ మీద రాయండి.