తీవ్ర కాలేయ వైఫల్యం: ఆధార చికిత్సలు, కాలేయ మార్పిడి

1. పరిచయం

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లను కాలేయం తయారుచేస్తుంది. విషపూరితమైన అమ్మోనియాను యూరియాగా మారుస్తుంది. ఆహారం అందని వేళల్లో రక్తంలో గ్లూకోజ్ పడిపోకుండా చూస్తుంది. ఈ పనులన్నీ కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా దెబ్బతినడమే తీవ్ర కాలేయ వైఫల్యం. అంతకుముందు కాలేయ వ్యాధి లేని వ్యక్తిలో, జబ్బు మొదలైన 26 వారాలలోపు, గడ్డకట్టే పరీక్ష విలువ (ఐ.ఎన్.ఆర్.) 1.5 గాని అంతకు మించి గాని ఉండి, మెదడు పనితీరు కూడా చెడితే ఈ స్థితి ఏర్పడినట్లు భావిస్తారు.

ఈ నిర్వచనంలో కళ్లు ఎంత పచ్చబడ్డాయన్న ప్రస్తావన లేదన్నది విద్యార్థులు గమనించాలి. ప్రమాదాన్ని చెప్పేవి మెదడు, రక్తం. పసుపు రంగు కాదు.

2. కారణాలు

పాశ్చాత్య దేశాలలో పారాసెటమాల్ అధిక మోతాదు ప్రధాన కారణం. మన దేశంలో కలుషిత నీటి ద్వారా వ్యాపించే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు ముఖ్యమైనవి. హెపటైటిస్ ఇ గర్భిణులకు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ప్రాణాంతకం కావచ్చు. క్షయ మందులు కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తాయి. దక్షిణ భారతంలో పసుపు భాస్వరం కలిగిన ఎలుకల మందు మరొక పెద్ద కారణం. దీనికి విరుగుడు లేదు. శరీరంలోకి వెళ్లిన తరువాత ఒకటి రెండు రోజులు మనిషి బాగానే కనిపించవచ్చు; ఆ తరువాత కాలేయం విఫలమవుతుంది. కనుక లక్షణాలు లేకపోయినా వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

3. కాలం, దూరం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న పర్ణశాలను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడి నుంచి భద్రాచలం సుమారు 35 కిలోమీటర్లు. కాలేయ మార్పిడి జరిగే హైదరాబాదు భద్రాచలానికి 300 కిలోమీటర్లకు పైగా దూరం.

మన పల్లెల్లో పచ్చకామెర్లకు పసరు పోయించడం, చేతిపై వాత పెట్టించడం, చప్పిడి పత్యం చేయించడం అలవాటు. హెపటైటిస్ ఎ, ఇ సోకినవారిలో అత్యధికులకు ఏ మందూ లేకుండానే నయమవుతుంది. అందువల్ల ఆ పేరు పసరుకు దక్కుతుంది. కాలేయం విఫలమయ్యే కొద్దిమంది విషయంలో మాత్రం ఆ ఎదురుచూపులోనే విలువైన రోజులు పోతాయి. కామెర్లున్న మనిషి పగలు నిద్రపోయి రాత్రి మేలుకోవడం, మాట తడబడడం, పొంతన లేకుండా మాట్లాడడం మొదలైతే అది నీరసం కాదు, మెదడుకు ముప్పు. పూర్తిగా స్పృహ తప్పాక ప్రయాణం చాలా ప్రమాదకరం. కాబట్టి మత్తు తొలిదశలోనే పెద్ద ఆసుపత్రికి తరలించాలి.

4. ఆధార చికిత్సలు

కాలేయానికి తిరిగి పెరిగే శక్తి ఉంది. అది కోలుకునే వరకు మిగిలిన అవయవాలను కాపాడడమే ఆధార చికిత్స లక్ష్యం.

అ) మెదడు: తలను 30 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు. మెదడు వాపు తగ్గడానికి మానిటాల్ లేదా గాఢ ఉప్పు ద్రావణం ఇస్తారు. స్పృహ తగ్గినవారికి కృత్రిమ శ్వాస అందిస్తారు.

ఆ) రక్తం: గ్లూకోజ్‌ను తరచుగా పరీక్షిస్తారు. రక్తస్రావం లేనప్పుడు ప్లాస్మా ఎక్కించరు, ఎక్కిస్తే ఐ.ఎన్.ఆర్. మారి, జబ్బు ఎటు పోతున్నదో తెలియకుండా పోతుంది.

ఇ) మందు: ఎన్-ఎసిటైల్ సిస్టీన్ పారాసెటమాల్ విషానికి విరుగుడు; 8 గంటలలోపు ఇస్తే అత్యుత్తమ ఫలితం. ఇతర కారణాలలోనూ తొలిదశలో మేలు చేస్తుంది.

ఈ) యంత్రాలు: డయాలిసిస్ అమ్మోనియాను తగ్గిస్తుంది. ప్లాస్మా మార్పిడిలో రోగి ప్లాస్మాను తీసి దాతల ప్లాస్మాను ఎక్కిస్తారు. 182 మందిపై జరిపి 2016లో ప్రచురించిన యూరప్ అధ్యయనంలో, మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 48 మంది, ప్లాస్మా మార్పిడి కూడా పొందినవారిలో 59 మంది బతికి ఇంటికి చేరారు.

5. కాలేయ మార్పిడి

తొందరపడి మార్పిడి చేస్తే, తనంతట తాను కోలుకోగల వ్యక్తికి జీవితాంతం మందుల భారం మిగులుతుంది. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. ఈ నిర్ణయానికి 1989లో లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రి వైద్యులు ప్రకటించిన ప్రమాణాలు నేటికీ ఉపయోగపడుతున్నాయి. ఐ.ఎన్.ఆర్., వయసు, వ్యాధి కారణం, కామెర్లకూ మత్తుకూ మధ్య గడిచిన రోజులు మొదలైనవాటిని ఇందులో పరిశీలిస్తారు. ఈ వ్యవధి 7 రోజులు మించడం మంచి సూచన కాదు.

మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఇందుకు ఆధారం. మెదడు మరణం పొందినవారి అవయవాలను తెలంగాణలో నిమ్స్ కేంద్రంగా పనిచేసే జీవన్‌దాన్ పథకం కేటాయిస్తుంది. ఆ నిరీక్షణకు వ్యవధి లేనప్పుడు దగ్గరి బంధువు కాలేయంలో కొంత భాగాన్ని దానం చేయవచ్చు. దాతలో మిగిలిన భాగం కొద్ది నెలల్లో దాదాపు పూర్వపు పరిమాణానికి పెరుగుతుంది. అయితే అది ఆరోగ్యవంతునికి చేసే పెద్ద శస్త్రచికిత్స. దాత అంగీకారం ఒత్తిడి లేకుండా రావాలి.

6. సారాంశం

తీవ్ర కాలేయ వైఫల్యంలో ఆధార చికిత్స కాలేయం కోలుకోవడానికి సమయం ఇస్తుంది. కోలుకోలేని కాలేయానికి మార్పిడే మార్గం. రోగి సకాలంలో చేరితేనే ఈ రెండూ సాధ్యం. మత్తు తొలి లక్షణాలను ఇంటివారు గుర్తించడమే చికిత్సలో మొదటి మెట్టు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కామెర్ల తీవ్రత కంటే మెదడు లక్షణాలు ఎందుకు ముఖ్యం?
2. రక్తస్రావం లేని రోగికి ప్లాస్మా ఎందుకు ఎక్కించరు?
3. మార్పిడి నిర్ణయంలో తొందర, ఆలస్యం రెండూ ఎందుకు ప్రమాదకరమో వివరించండి.