ఎజైల్ బృందాలు: శిక్షణకు, కోచింగ్‌కు గల భేదం

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట సమావేశమైన 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు ఎజైల్ ప్రకటనను రూపొందించారు. అందులోని 4 విలువలను, అనుబంధంగా వెలువడిన 12 సూత్రాలను ఒకటి రెండు రోజుల శిక్షణలో బోధించవచ్చు. వాటిని ఆచరణగా మార్చేది కోచింగ్. తెలుగునాట ఈ మాటకు పోటీ పరీక్షల బోధన అనే అర్థం రూఢమైంది. ఇక్కడ మాత్రం బృందం తన పనితీరును తానే పరిశీలించి సరిదిద్దుకొనేలా తోడ్పడడమని అర్థం.

స్క్రమ్ పద్ధతిలోని దైనిక సమావేశం ఇందుకు మంచి ఉదాహరణ. దాని వ్యవధి 15 నిమిషాలు. లక్ష్యసాధన ఎంతవరకు వచ్చిందో చూసి, ఆనాటి ప్రణాళికను సవరించుకోవడం దాని ప్రయోజనం. నిన్న ఏమి చేశారు, నేడు ఏమి చేస్తారు, అడ్డంకులేమిటి అనే మూడు ప్రశ్నలు ఇందులో ప్రసిద్ధమైనవి. సభ్యులు మేనేజరు వైపు తిరిగి వీటికి జవాబులు చెప్పినప్పుడు సమావేశం హాజరు పట్టీగా మారుతుంది. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్‌లు రచించిన స్క్రమ్ గైడ్ 2020 ప్రతిలో ఈ ప్రశ్నలు లేవు. సమావేశ స్వరూపాన్ని నిర్ణయించుకొనే స్వేచ్ఛ బృందానిదే.

ఆ స్వేచ్ఛను వినియోగించుకోవడం నేర్పేదే కోచింగ్. కోచ్ పరిష్కారం చెప్పడు, “లక్ష్యం చేరడానికి నేడు ఏది మార్చాలి?” అని అడిగి వేచి ఉంటాడు. అయితే నిర్ణయాధికారం మేనేజరు చేతిలోనే ఉన్నచోట ఈ ప్రశ్న నిష్ఫలం. అందువల్ల సంస్థ అధికారాన్ని పంచుకోవడానికి సిద్ధపడిందా అన్నది ముందుగా తేలాలి. కోచ్ లేని రోజున కూడా బృందం స్వయంగా నిర్ణయించుకోగలగడమే కోచింగ్ సాఫల్యానికి గీటురాయి.