పూడిక మట్టి తోలే ముందు ఆల్చిప్పల్ని చూడండి

ఎండలు ముదిరాయంటే మనందరి చూపు చెరువు మట్టి మీదే. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక తీత ఇంకా పెరిగింది. రసాయన ఎరువులు వాడని మనకు ఆ మట్టి బంగారమే. అయితే అందులో కాపురముండే జీవి ఒకటుంది. వీడియోలో నల్లగా, అరచేతిలో పట్టేంత కనిపిస్తున్నదే అది, మంచినీటి ఆల్చిప్ప.

ఎక్కడ ఉంటుంది?

మన దగ్గర ఎక్కువగా కనిపించే జాతి పేరు లామెల్లిడెన్స్ మార్జినాలిస్. మన దేశంతో పాటు నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్‌లలోనూ ఉంది. చెరువులు, కుంటలు, కాలువలు, నెమ్మదిగా పారే వాగులు దీని ఇళ్లు. అడుగున మెత్తటి బురదో, ఇసుక కలిసిన ఒండ్రో ఉండాలి. గొడ్డలి ఆకారంలో ఉండే కండ పాదంతో బురద తవ్వుకుని దిగుతుంది. వెనక భాగం మాత్రం పైకి ఉంచుతుంది. అక్కడ ఒక రంధ్రం నీళ్లు లాగుతుంది, ఇంకోటి వదులుతుంది. మధ్యలో మొప్పలు నాచు కణాల్ని, సన్నటి చెత్తని వడకడతాయి. తిన్నది పోగా మిగిలింది ముద్దలుగా అడుగు మట్టిలోకే చేరుతుంది. అంటే నీళ్లు తేటపడతాయి, మట్టికి సారం చేరుతుంది.

దీని పిల్లలు మొదట కొన్నాళ్లు చేపల మొప్పలకో, రెక్కలకో అంటుకుని బతుకుతాయి. చేపలతో పాటే కొత్త చోటికి పోతాయి. చేపల్లేని చెరువులో ఆల్చిప్పల సంతతి పెరగదు.

అసలు చిక్కు ఎండాకాలంలోనే

నీళ్లు తగ్గేకొద్దీ ఇది తడి బురదలోకి దిగి, చిప్పలు గట్టిగా మూసుకుని వానల కోసం ఎదురుచూస్తుంది. సరిగ్గా అప్పుడే మన జేసీబీ దిగుతుంది. తడితో ఉన్న ఆ గుంత కూడా తవ్వేస్తే, వానాకాలంలో చెరువు నిండినా వడకట్టేవి మిగలవు.

మనం చేయాల్సింది:

- చెరువులో అన్నిటికన్నా లోతైన, తడి ఆరని గుంతని తవ్వకుండా వదలండి.
- ట్రాక్టర్‌కి ఎత్తే మట్టిలో గట్టిగా మూసుకున్న ఆల్చిప్పలు దొరికితే ఆ గుంతలో వేయండి. నోరు తెరుచుకుని, ముట్టుకున్నా మూసుకోనిది చచ్చినట్టే.
- పురుగుమందు కొట్టిన ట్యాంకులు చెరువులో కడగనివ్వద్దు. పక్క పొలం వాళ్లకీ నచ్చజెప్పండి.

ముత్యాల సాగుకి కూడా ఈ జాతే వాడతారు. భువనేశ్వర్‌లోని సీఫా ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది. ఆ ఆశతో ఊరి చెరువుని ఊడ్చెయ్యకండి.

బురదలోంచి ఎలా ఏరాలో వీడియోలో చూపించాను. మీ ఊళ్లో వీటిని ఏమని పిలుస్తారో, ఇప్పటికీ కనిపిస్తున్నాయో లేదో కింద కామెంట్‌లో రాయండి.