మీకు తెలుసా? యాదమ్మ పేరులో ఒక గుట్ట ఉంది

నల్లగొండ జిల్లా మర్రిగూడలోనో, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనో నిలబడి 'యాదమ్మా' అని గట్టిగా పిలిస్తే ఏదో ఒక ఇంట్లోంచి బదులు రావచ్చు. ఈ ప్రాంతంలో అంతగా వినిపించే పేరు అది. దాని పుట్టిల్లు యాదగిరిగుట్ట.

ఋష్యశృంగుడి కొడుకు యాదమహర్షి ఆ కొండ మీద తపస్సు చేశాడని, నరసింహస్వామి ఆయనకు జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాల్లో దర్శనమిచ్చాడని స్థలపురాణం. ఋషి పేరు గిరికి వచ్చింది, గిరి పేరు మనుషులకు వచ్చింది. మగపిల్లవాడైతే యాదగిరి, యాదయ్య. ఆడపిల్ల అయితే యాదమ్మ. సంతానం కోసం గుట్టకు మొక్కుకున్నవాళ్లు బిడ్డకు స్వామి గుట్ట పేరే పెట్టుకుంటారు. దేవుడు పురుషుడైనా, చివర 'అమ్మ' చేరగానే ఆ పేరు ఆడబిడ్డదైపోతుంది. ఎంత అందమైన మార్పు!

తెలంగాణలో జ్ఞాపకాన్ని 'యాది' అంటాం కదా, ఆ మాటకూ ఈ పేరుకూ చుట్టరికం లేదు. యాది ఉర్దూ మీదుగా వచ్చిన పారసీ 'యాద్'.

2016లో జిల్లాల విభజన జరిగినప్పుడు గుట్ట యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లింది, మర్రిగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. జిల్లాలు వేరైనా పేరు బంధం మాత్రం అలాగే ఉంది. మీ ఇంట్లో యాదమ్మ అనే నాయనమ్మో అమ్మమ్మో ఉంటే, ఆ పేరు ఎవరు, ఏ మొక్కుతో పెట్టారో ఈరోజే అడిగి రాసిపెట్టుకోండి.