పరిశోధన వ్యాసములు – పరిశీలకుని బాధ్యత

పరిశోధన పత్రికకు వచ్చిన వ్యాసమును ప్రకటించుటకు ముందు, ఆ శాస్త్రము నెరిగిన యొకరిద్దరికి పంపి వారి యభిప్రాయము గైకొనుట నేడు లోకమంతట నున్న యాచారము. లండనులోని రాయల్ సొసైటీలో ఇది 1832 నాటికే వ్రాతపూర్వక నివేదికల రూపము దాల్చినది. పరిశీలకునకు సాధారణముగా పత్రికలో పేరుండదు, ప్రతిఫలమును ఉండదు. అధికారము మాత్రము మెండు. ఆ యధికారము పెడత్రోవ పట్టినచో నేమగునో తెలుపు కథ యొకటి మన దేశముతో ముడిపడి యున్నది.

స్కాట్లండు దేశీయుడగు జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నౌకా విద్యార్థులకు ఉపాధ్యాయుడు. వాయువులోని అణువులు ఎడతెగక పరుగులిడుచు పాత్ర గోడలను తాకుటయే పీడనమునకు కారణమనియు, వాని వేగవర్గపు సగటును బట్టి ఉష్ణోగ్రత యుండుననియు వివరించి 1845 డిసెంబరులో సొసైటీకి వ్యాసము పంపెను. పరిశీలకులలో నొకరు మూలసూత్రమునే అంగీకరింపలేదు. రెండవవాడగు సర్ జాన్ లబ్బక్, ఇది వట్టి యర్థరహితమైన వ్రాత, సభలో చదువుటకైనను తగదని త్రోసివేసెను. విచిత్రమేమనగా, 1832లో ఏరీ వ్యాసమును పరీక్షించునపుడు గణితములోని లోపములను నివేదికలో చూపవలెనని పట్టుబట్టినవాడు ఈ లబ్బకే!

సొసైటీ నియమము ననుసరించి వ్రాతప్రతి తిరిగి రాలేదు. రచయితయొద్ద నకలు లేదు. 1857లో క్లాసియస్, 1860లో మాక్స్‌వెల్ అదే మార్గమున కీర్తి నందిరి. వాటర్‌స్టన్ 1883లో ఇల్లు వెడలి మరల కానరాలేదు. 1891లో సొసైటీ కార్యదర్శిగా నుండిన రేలీ ప్రభువు ఆ ప్రతిని వెలికితీసి, మరుసటి యేట అచ్చువేయించెను. పీఠికలో మాత్రము, గొప్ప పనులు తలపెట్టు యువకులు ముందు చిన్న రచనలతో గుర్తింపు పొందుట మేలని హితవు పలికెను. ఈ హితవు నాకు రుచింపదు. దోషము చదివినవారిది, శిక్ష వ్రాసినవానికా?

తనకు తెలియని విషయమైనచో పరిశీలకుడు వెంటనే తిరిగి పంపవలెను. తిరస్కరింపవచ్చును గాని, ఏ పంక్తిలో ఏ దోషమున్నదో చూపవలెను. అచ్చుకాని వ్యాసములోని భావమును తాను వాడుకొనరాదు. రచయిత బంధువో ప్రత్యర్థియో అయినచో సంపాదకునకు ముందే తెలుపవలెను. ఈ చివరిది రాష్ట్రేతరాంధ్ర సమాజములలో మిక్కిలి కష్టము. ఒక పట్టణపు తెలుగువారి చరిత్ర వ్రాయువారును, దానిని తూచగలవారును తరచు ఒక్క సంఘమువారే, ఒక్కొక్కప్పుడు వియ్యంకులే! కావున హోసూరు వ్యాసమును బరంపురమునకు, షోలాపురపు వ్యాసమును యానామునకు పంపి చూపించుట మంచిది. శాసనపాఠము నకలుతో సరిపోవునా, చెప్పిన సంవత్సరము దస్తావేజులో నున్నదా యని చూచుటకు ఆ యూరివాడు కానక్కరలేదు. ఊరివాడే చెప్పగల సంగతులకు రెండవ పరిశీలకుని అక్కడనే వెదకుకొనవచ్చును.